రేకుల షెడ్డు వియ్యపురాలు

ఆ రోజుల్లో ధర్మవరం మగ్గాల వీధుల్లో పెళ్లి కుదిరిందంటే, మగపెళ్లివాళ్లు ముందు అడిగేది ముహూర్తం గురించి కాదు. "నాగలక్ష్మమ్మ మీ తట్టా, మా తట్టా?" అని అడిగేవాళ్లు. ఆడపెళ్లివాళ్లు "మా తట్టే" అంటే వీళ్లకు సగం ప్రాణం పోయేది. ఎందుకంటే బంతిలో విస్తరి ముందు కూర్చున్న వియ్యపురాలికి ఆ రోజు ముద్ద దిగదని లెక్క.

ఎగతాళి పాటల్లో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆ పాటలకు కొన్ని పద్ధతులున్నాయి. పేరు పెట్టి పాడాలి, లోపం ఎత్తి పాడాలి. ఎదుటివాళ్లు పాటతోనే బదులివ్వాలి. కోపం తెచ్చుకున్నవాళ్లు ఓడిపోయినట్లు. పీనాసి అనొచ్చు, తిండిపోతు అనొచ్చు, మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాడని కూడా అనొచ్చు. చావు మాట, ముండమోసిన మాట మాత్రం నోట రాకూడదు. నాగలక్ష్మమ్మ నోటిలో నాలుక ఉందో, కత్తి ఉందో గానీ, ఎన్ని పెళ్లిళ్లు చేసినా ఆ గీత మాత్రం ఎన్నడూ దాటలేదు.

చిత్రమేమిటంటే, అంతమందిని నవ్వించే మనిషి తను మాత్రం పన్ను కనపడనిచ్చేది కాదు. రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు దారం చుట్టేటప్పుడు ఏ ముఖమో, పందిట్లోనూ అదే ముఖం. "నువ్వు నవ్వవేమక్కా?" అంటే, "వంట చేసేటోల్లు ఆఖర్న తింటారు లేమ్మా" అనేది.

మొగుడు జయరాముడు మంచి నేతగాడు. గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే పొద్దుగుంకేదాకా లేచే మనిషి కాదు. అతనికి దగ్గు పట్టుకుంది. ఊరి బయట, రైలు కట్టకు అవతల, క్షయ రోగుల కోసం ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ నాలుగు నెలలు పడుకొని, డెబ్బై ఏడో సంవత్సరం ఎండాకాలంలో పోయాడు. ఆమెకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. పిల్లలు లేరు.

పెళ్లిళ్లకు పిలవడం ఆగిపోయింది. ఆగిపోయిందని నిష్ఠూరమాడటానికి ఆమెకు నోరు లేదు. అంతకుముందు ఆమె మాత్రం ఏ విధవరాలిని పందిట్లోకి రానిచ్చింది గనక! పక్క ఇంట్లో మేళం మోగుతూ ఉంటే, తలుపు దగ్గరగా వేసుకొని రాట్నం తిప్పుకునేది. గొంతు దాకా వచ్చిన పాటను మింగేది. అట్లా మింగిన పాటలతో ఆమెకు కడుపు ఉబ్బరించినట్లుండేది.

మొగుడి దుప్పటి ఆ షెడ్డులోనే ఉండిపోయిందని నెల రోజుల తర్వాత తెచ్చుకోవడానికి పోయింది. అక్కడ పని చేసే ఆయా నారాయణమ్మ చేతి నిండా పనితో సతమతమవుతూ ఉంది. "వచ్చినదానివి వచ్చినావు, ఆ తిప్పయ్యకు రొన్ని నీళ్లు తాపించు తల్లీ. పొద్దున్నుంచి నోరు తెరవడం లేదు" అన్నది.

తిప్పయ్య పామిడి దిక్కు ముసలి కాపు. వానలు లేక చెనక్కాయ పంట పోయింది, ఒంట్లో సత్తువ పోయింది. నోరు బిగించుకొని పడుకొని ఉన్నాడు. నాగలక్ష్మమ్మ చెంబు పట్టుకొని అతని ముందు నిలబడింది. ఏమనిపించిందో ఏమో, పందిట్లో నిలబడినట్లు నడుం మీద చెయ్యి వేసింది.

"ఏమప్పా, మగపెళ్లివాళ్లంటే నీళ్లు గూడా మేమే తాపించల్లనా? మూతి తుడిచేదానికి మా యమ్మను పిలవల్లనా?"

తిప్పయ్య ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు తగ్గాక నీళ్లు అడిగి తాగాడు. ఆ రోజు దుప్పటి తెచ్చుకోవడం మరచిపోయి ఇంటికొచ్చింది నాగలక్ష్మమ్మ.

అట్లా మొదలైంది. షెడ్డు నడుమ మొలెత్తు గోడ ఉండేది. ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. ఇంకేం కావాలి? అటు వాళ్లు మగపెళ్లివారు, ఇటు వాళ్లు ఆడపెళ్లివారు. మధ్యాహ్నం దాకా కండెలు చుట్టి, ఎండలో రైలు కట్ట దాటి వచ్చేది. తెగిపోయిన నల్ల పట్టు దారాలు పోగు చేసి, ఉడికించిన గంజితో మూతికి మీసం అంటించుకునేది. తువ్వాలు తలపాగా చుట్టి వియ్యంకుడయ్యేది. గోడకు అటు పోయి ఆడవాళ్లను దెప్పేది, ఇటు వచ్చి మీసం పీకేసి మగవాళ్లను దెప్పేది.

*మగపెళ్లి పెద్దకు మర్యాద ఎక్కువంట,*
*మూడు విస్తళ్లు నాకి ముంతెత్తుకుపోయెనంట!*

పాడిందంటే గోడకు ఇటువైపు మంచాలు కిర్రుమనేవి. అటు నుంచి తిప్పయ్య గొంతు బొంగురుగా బదులిచ్చేది. డాక్టరు మొదట గుమ్మంలో నిలబడి చూశాడు. "నవ్వితే దగ్గొస్తుందమ్మా, దగ్గితే నెత్తురు పడుతుంది. కొంచెం మెల్లగా నవ్వించు" అన్నాడు. మెల్లగా నవ్వించడం ఎట్లాగో ఆమెకు తెలియదు. ఆ మాట విన్నప్పటి నుంచి ఎవరైనా దగ్గితే పాట ఆపి నెత్తురు పడిందేమోనని చూసేది. నిన్న కడుపు పట్టుకొని నవ్విన మనిషి మంచం ఇవాళ ఖాళీగా కనిపించిన రోజులూ ఉన్నాయి. అటువంటి రోజున మీసం ఊడదీసి కొంగున మూట కట్టుకొని, గంజి గిన్నెలు తోమి వెళ్లిపోయేది. మొగుడి తల దగ్గర నాలుగు నెలలు కూర్చొని ఒక్క ఎగతాళి మాట అనలేకపోయానే, ఏడ్పుతోనే ఆయన్ను సాగనంపితినే అని కుమిలేది. ఈ మాట నారాయణమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఎనభయ్యో సంవత్సరం. చిత్రావతి ఏట్లో ఇసుక తప్ప తడి లేదు. చెలమ తవ్వితే చెంబు నీళ్లకు గంట పట్టేది. ఆ ఎండాకాలంలో ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి భద్రమ్మ వచ్చింది. గొర్రెల కాపరుల కుటుంబం. పాతికేళ్లుంటాయేమో, ఒళ్లు మాత్రం ఎండిన కంది కట్టె. తొంభై సూదులు పొడిపించుకోవాలన్నారు. ఇరవై ఒకటి బాగానే పొడిపించుకుంది, గంజి తాగింది, నాగలక్ష్మమ్మ మీసం చూసి నవ్వింది కూడా. ఇరవై రెండో రోజున ఎవరో ఊరివాళ్లు వచ్చి చూసి పోయారు. ఆ పొద్దు నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. సూదికి చెయ్యి ఇవ్వలేదు, గంజి ముట్టలేదు.

"నడుమలో మందు ఆపితే రోగం మొండికేస్తుంది. తిండి లేకపోతే వారం రోజులు కూడా కష్టం" అన్నాడు డాక్టరు. ఆ మాట నాగలక్ష్మమ్మ చెవినపడింది. ఇంక ఆమెకు వేరే ధ్యాస లేదు. ఈ పిల్లతో ఎట్లాగైనా గంజి తాగించాలి, అంతే.

మూడు రోజులు తన దగ్గరున్న విద్యలన్నీ చూపించింది. మీసం పెట్టింది, కుంటింది, గొర్రెలా అరిచింది. షెడ్డంతా నవ్వింది గానీ భద్రమ్మ వీపు కదల్లేదు. నాలుగో రోజు పట్టుదలకు పోయి, పెళ్లిళ్లలో ఎప్పుడూ తప్పకుండా పేలే పాత పాట ఎత్తుకుంది. పుట్టింటికి పోయిన పెళ్లాం మీద పాట అది. ఇక్కడికి తగినట్లుగా ఉంటుందని ఒక్క మాట మార్చింది.

*ఆసుపత్రికి నిన్నంపి మీ ఆయనేం చేసెనే మరదలా,*
*అర్ధరేత్రి వేళకు ఇంకొకతెను తెచ్చెనే మరదలా!*

గోడకు అటువైపు మగవాళ్లు ఘొల్లుమన్నారు. ఇటువైపు నారాయణమ్మ "అయ్యయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భద్రమ్మ వీపు కదిలింది. లేచి కూర్చుంది. కళ్లు గుంటల్లో నిప్పుల్లా ఉన్నాయి.

"మొగుణ్ణి మింగిన ముండా! నా మొగుడి మీద పాడతాండావా నువ్వు? నీ మొగుడు ఈ షెడ్డులోనే కదే సచ్చినాడు! వాణ్ణి తిన్నది చాలక మమ్మల్ని తినేదానికి దినామూ వస్తాండావా? నీ మీసం మండ! నీ పాట మండ!"

ఇంకా ఏమేమో అన్నది. దగ్గు అడ్డం పడేదాకా తిట్టింది. మగవాళ్ల వైపు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. నాగలక్ష్మమ్మ మూతి మీద మీసంతో అట్లాగే నిలబడిపోయింది. పాటకు పాట బదులు రావాలి. ఇది పాట కాదు. ఎన్నడూ ఎవరూ అనకూడని మాట, వందమంది వెనకాల అనుకుంటూ ముందు అనలేని మాట, ముప్పై మంది ముందు ముఖాన పడింది. ఆమె తువ్వాలు తీసి భుజాన వేసుకొని బయటికి నడిచింది. రైలు కట్ట మీదికి వచ్చాక గానీ మూతిన మీసం ఉన్న సంగతి గుర్తుకు రాలేదు.

ఐదు రోజులు షెడ్డు దిక్కు పోలేదు. రాట్నం తిప్పుతూ ఉంటే దారం తెగేది. అతుకు వేస్తే మళ్లీ తెగేది. కోపం వచ్చింది, ఏడ్పు వచ్చింది, ఆ పిల్ల మీద కాదు, తన మీద. "నేనేమన్నా జీతానికి పోతాండానా? నా కూడు నేను తింటాండా. ఈ బతుకుకు నవ్వించేదొకటి తక్కువైందా?" అని గోడకు చెప్పుకుంది. ఇంక పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆరో రోజు పొద్దున నారాయణమ్మ ఇంటికే వచ్చింది. గడపలో కూర్చొని నీళ్లు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ పిల్ల మొగుడు ఓబుళేసు నిజంగానే ఇంకొక పిల్లను కట్టుకున్న్యాడంటక్కా. ఆ ఊరివాళ్లు వచ్చి చెప్పిపోయింది అదే. నీకు తెల్దు."

నాగలక్ష్మమ్మ చేతిలోని కండె కింద పడింది. నోట్లో మన్ను కొట్టుకోవాలనిపించింది. ఊరందరి మీదా పాడిన పాట, ఎవరికీ తగలని పాట, పోయి పోయి పుండు మీదే తగిలింది.

"ఇంగొకటి చెప్పల్ల" అన్నది నారాయణమ్మ. "నువ్వు పోయినంక ఆ సాయంత్రం ఆ పిల్ల ఏమన్నాదో తెలుసునా? 'తిట్టి తిట్టి గొంతెండింది, రొన్ని గంజి పోయమ్మా' అన్నాది. గిన్నెడు తాగింది. సూదికి చెయ్యి గూడా ఇచ్చింది. మరుసటి రోజు నుంచి మళ్లా గోడకు తిరిగి పండుకుంది. ఐదు దినాలైంది. ఇంగ నువ్వు రావల్ల."

"వచ్చి ఏం చేయల్ల?"

నారాయణమ్మ తలొంచుకుంది.

"తిట్టించుకునేదానికా?"

"ఊఁ" అన్నది నారాయణమ్మ.

నాగలక్ష్మమ్మ కింద పడిన కండె ఏరి రాట్నం పక్కన పెట్టింది. ఇదేం న్యాయం, మీరే చెప్పండి! పందిళ్లలో రాణిలా నిలబడిన మనిషి. ఆ ఒక్క మాట పడకూడదనే మూడేళ్లుగా తలుపు మూసుకొని బతికిన మనిషి. ఇప్పుడు కాళ్లతో నడుచుకుంటూ పోయి, ఆ మాట రోజూ అనిపించుకోవాలి. అనిపించుకుంటే ఒక ప్రాణం నిలబడుతుంది. అనిపించుకోకపోతే పోతుంది. ఆమె లేచి మీసం అంటించడానికి పొయ్యి మీది గంజి కొంచెం ఆకులో తీసుకొని, మీసం కొంగున కట్టుకుంది.

"పద" అన్నది.

ఆ మధ్యాహ్నం భద్రమ్మ మంచం దగ్గరికి పోయి నిలబడింది. పాట పాడలేదు. "నాకు తెల్దు తల్లీ. అందరి మీదా పాడే పాటే నీ మీదా పాడినా. తప్పయింది. తిట్టు. నేను యాడికీ పోను" అన్నది.

భద్రమ్మ తిరగలేదు. నాగలక్ష్మమ్మ మంచం కోడు పట్టుకొని వంగింది. "తిట్టేదానికి గూడా రాదా మీ పల్లెల్లో? మా వీధిలో చంటి పిల్లోల్లు గూడా నీకన్నా బాగా తిడతారు."

అంతే, భద్రమ్మ నోరు తెరుచుకుంది. మొదటి మాటే ముండ. నాగలక్ష్మమ్మ కళ్లు మూసుకోలేదు, కదల్లేదు. షెడ్డులో కొందరు చెవులు మూసుకున్నారు. గోడకు అటు నుంచి, రోగం తిరగబెట్టి ఆ ఏడు మళ్లీ వచ్చి పడిన తిప్పయ్య "సాల్లే పాపా, ఆయమ్మను అట్లనొద్దు" అని బతిమాలాడు. నాగలక్ష్మమ్మ అతని మీదికి లేచింది: "నువ్వు గమ్మునుండప్పా, ఇది ఆడోల్ల యవ్వారం!" అరగంట తర్వాత భద్రమ్మ ఆయాసపడుతూ గంజి అడిగింది. అన్నం మెతుకులు కూడా అడిగింది.

ఆ రోజు నుంచి అదే వరస. రోజూ మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది, భద్రమ్మ తిడుతుంది, తిన్నాక సూదికి చెయ్యి ఇస్తుంది. వారం గడిచేసరికి తిట్లలో ఓబుళేసు కూడా వచ్చి చేరాడు. తర్వాత అత్త వచ్చింది, కనపడని ఆ కొత్త పెళ్లాం వచ్చింది, వాన కురవని మబ్బులు కూడా వచ్చాయి. ఆడవాళ్లు కొందరు తోడు తిట్లు అందించారు. మగవాళ్లు మొగుడి తరఫున బదులు చెప్పి చీవాట్లు తిన్నారు. నవ్వులు వచ్చాయి. భద్రమ్మ మూతి కూడా ఒకటి రెండుసార్లు వంకర తిరిగింది. ఇంకా కొన్నాళ్లకు ఆ పాడు మాట పలచబడి, దాని చోటికి 'అక్కా' వచ్చింది. నాగలక్ష్మమ్మకు మాత్రం ఆ మాట అలవాటైందని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి రోజు ఎంత నొప్పో, ఆఖరి రోజూ అంతే నొప్పి. కాకపోతే గిన్నె ఖాళీ అయ్యేదాకా ఓర్చుకునేది.

తొంభై సూదులూ అయ్యాయి. భద్రమ్మ ఒంటికి కండ వచ్చింది. కళ్లె పరీక్షలో ఏమీ లేదన్నారు. నారాయణమ్మ ఓబుళేసుకు కార్డు రాయించింది. వస్తాడని ఎవరూ అనుకోలేదు గానీ, వచ్చాడు. ఒంటరిగా రాలేదు. వెనకాల ఒక పిల్ల. పదహారేళ్లు నిండాయో లేదో. పేరు ఆంజినమ్మ. ఆమే ఆ రెండో పెళ్లాం. ఎత్తుకోవడానికి మూటలుంటాయని తెచ్చాడట.

షెడ్డు షెడ్డంతా గోడ మీదికి వంగి చూస్తూ ఉంది. ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఆ పిల్ల నెత్తిన పడబోతున్నాయని అందరికీ తెలుసు. తిప్పయ్య కూడా మంచం దిగి వచ్చాడు. భద్రమ్మ చెంగు దోపుకొని నోరు తెరిచింది.

ఆంజినమ్మ దగ్గింది. పైట మూతికి అడ్డం పెట్టుకొని, భుజాలు కుదించుకొని, ఎవరికీ వినపడకుండా దగ్గాలని చూసింది. ఆ దగ్గు ఎట్లాంటిదో ఆ షెడ్డులో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు.

భద్రమ్మ నోరు మూసుకుంది. పోయి ఆ పిల్ల మూతి మీది పైట లాగి చూసింది. ఓబుళేసు దిక్కు తిరిగి, "ఎన్నాళ్లాయ ఇది?" అన్నది.

"రెండు నెలలు. గొర్రెల దొడ్డిలో దుమ్ము కదా" అన్నాడతను నేల చూస్తూ.

 భద్రమ్మ పిల్ల చెయ్యి పట్టుకొని డాక్టరు గదికి తీసుకుపోయింది. డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించాడు, కళ్లె చూశాడు. ఓబుళేసునూ వదల్లేదు, అతనికి ఏమీ లేదని తేలింది. పిల్లకు మాత్రం అదే రోగం. అవే తొంభై సూదులు. ఖాళీగా ఉన్నది ఒక్కటే మంచం, భద్రమ్మ లేచిన మంచం. దాని మీద తన దుప్పటే పరిచి, ఆ పిల్లను కూర్చోబెట్టి, జడ విప్పి తలకు నూనె రాసి గట్టిగా అల్లింది భద్రమ్మ. ఇంటి దగ్గర గొర్రెలున్నాయి, తన ఇద్దరు పిల్లలున్నారు. బస్సు వేళయింది.

"పోవల్లనా నువ్వు? ఆ ఇంటికి?" అన్నది నాగలక్ష్మమ్మ. మూట మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నాళ్లు తిట్లు తిని బతికించుకున్నది మళ్లీ ఆ ఇంట్లోకి తోయడానికా!

"పిల్లోల్లుండారు కదక్కా" అన్నది భద్రమ్మ. మూట ఎత్తుకొని, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఈ పిల్ల తినకపోతే నన్ను తిట్టమని చెప్పు. ఏమన్నా అననీ. నేను యాడనో ఉంటాను కదా, నాకు తగల్దు."

మరుసటి మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ వచ్చేసరికి గంజి గిన్నె ముట్టకుండానే ఉంది. ఆంజినమ్మ మోకాళ్ల మీద తల పెట్టుకొని కూర్చుంది. నాగలక్ష్మమ్మ మీసం పెట్టుకోలేదు. ఎదురుగా కింద కూర్చుంది.

"తిట్టమ్మా నీ సవితిని. సిగ్గుపడొద్దు. ఈడ అందరమూ తిట్టుకుంటాం."

ఆ పిల్ల జడ ముందుకు లాక్కొని చూసుకుంది. "ఆయమ్మను ఎట్ల తిట్టేది? మా యమ్మ సచ్చిపోయినంక నాకు తల దువ్వినోల్లు లేరు" అన్నది.

 నాగలక్ష్మమ్మ గంజి గిన్నెను ఆ పిల్ల మోకాళ్ల దగ్గరికి జరిపింది. "పోనీ, మొగుణ్ణి తిట్టు" అన్నది.

ఆంజినమ్మ తలెత్తింది. గుమ్మం దిక్కు చూసింది. "పోయినాడా?"

"నిన్ననే పోయినాడు."

"నువ్వు చూసినావా, బస్సెక్కింది?"

"ఈ నారాయణమ్మ ఎక్కించి వచ్చింది. టిక్కెట్టు కొట్టింది గూడా చూసినాది."

ఆ పిల్ల చుట్టూ చూసింది. ఆడవాళ్లను చూసింది, గోడ మీద తలలు పెట్టిన మగవాళ్లను చూసింది. మొదలుపెట్టింది. మొదట గొణిగింది, తర్వాత గొంతు పెరిగింది. ఎవరూ అడగని సంగతులన్నీ బయటికి వచ్చాయి. మొగుడు తనను దొడ్డిలో ఉంచి తలుపు గడియ పెట్టిన సంగతి, దగ్గితే నోట్లో గుడ్డ కుక్కిన సంగతి, అన్నీ. మొదట నవ్వబోయిన మగవాళ్లు ఒక్కొక్కరే గోడ వదిలి మంచాలకు పోయారు. గంజిని నారాయణమ్మ రెండుసార్లు వెచ్చబెట్టింది.

చివరికి ఆ పిల్ల ఆగింది. గిన్నె అందుకొని, ఊదుకుంటూ, అడుగు కనపడేదాకా తాగింది. మూతి తుడుచుకొని మెల్లగా అడిగింది.

"అక్కా, రేపు గూడా తిట్టొచ్చా?"

నాగలక్ష్మమ్మ ఆ పిల్ల చేతిలోంచి గిన్నె తీసుకుంది. "తొంభై దినాలు తిట్టొచ్చు తల్లీ" అన్నది.